దొంగ మొగుడి పాట

నా చిన్నప్పుడు బడి గంట మోగే వేళకు నేను వేరుశనగ చేలో కలుపు తీస్తూ ఉండేదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఈ వయసులో మా మనవరాలు నా చేత అక్షరాలు దిద్దించింది. మొన్న తను ఫోన్‌లో ఒక పాట వింటోంది. మనిషిని నరికొచ్చిన ప్రియుణ్ణి ఒక పిల్ల పొగిడే పాట. "ఆ పిల్ల మంచిదేనా అవ్వా?" అని అడిగింది. మా పక్కింటి అక్క గుర్తుకొచ్చింది.

కడప వైపు మా పల్లెలో కలుపు సాలులో పాట ఎత్తేది ఆ అక్కే. ఆమె ఏ మాట పాడితే మేమంతా ఆ మాటే తిరిగి పాడాలి. నాకు దొంగ మొగుడి పాటంటే ప్రాణం. వాడు పెళ్లాం కోసం కోటలో కమ్మలు దొంగిలించి తెస్తాడు. భటులు వస్తే ఆమె వాణ్ణి అటక మీద దాచి, "ఇంట లేడు నా సామి, మబ్బుతోనే పోయినాడు" అంటుంది, తెల్లారకముందే వెళ్లిపోయాడని. ఆ అబద్ధం దగ్గరికి వచ్చేసరికి అందరికంటే నా గొంతే పెద్దది.

ఆ ఏడు ఎవరో రాత్రికి రాత్రి బత్తాయిలు కాసే ఒక చీనీ తోటను నరికేశారు. పోలీసులు తోట కావలివాణ్ణే అనుమానించి తీసుకుపోయారు. కొడుతున్నారని ఊళ్లో చెప్పుకున్నారు. అతని భార్య మా సాలులోనే ఏడుస్తూ కలుపు తీస్తోంది. నరికింది అక్క మొగుడని, తాను జీతమున్న ఆసామి మాట కాదనలేక ఆ పని చేశాడని మాకెవరికీ తెలియదు. ఊరికి పోయాడని అక్క చెబితే నమ్మాం.

"ఏమే, నోట్లో సంగటి ముద్ద పెట్టుకున్యావా? పాటెత్తు" అని ఒక పెద్దామె అక్కను దెప్పింది. అక్క దొంగ మొగుడి పాటే ఎత్తింది. భటులు వచ్చే చోట మాత్రం గొంతు తగ్గించి, "అటక మీద ఉండాడు, ఆకలితో ఉండాడు" అని పాడింది.

సాలంతా ఆగిపోయింది. అక్క మరిచిపోయి పాడిందనుకున్నా, పద్ధతి ప్రకారం ఆ మాటే నేనొక్కదాన్నే గట్టిగా తిరిగి పాడాను. అక్క నా వైపు చూసి మళ్లీ అదే పాడింది. ఈసారి మరో ఇద్దరు గొంతు కలిపారు.

కావలివాడి భార్య లేచి నిలబడింది. "ఎవురింటి అటకక్కా?"

"మా ఇంటిదే" అంది అక్క, తలెత్తకుండా.

సాయంత్రానికి అక్క మొగుణ్ణి పట్టుకుపోయారు, కావలివాణ్ణి వదిలేశారు. మా వీధిలో కొందరు అక్కకు దండం పెట్టారు, కొందరు ఆమె ఇంటి ముందు ఉమ్మి పోయారు. అంతవరకు పాటలో అబద్ధమాడిన ఆమే మంచిదని నేననుకున్నాను. మరి ఈ అక్కను ఏమనాలి? ఇప్పటికీ ఆ పాట నోటికొస్తే ఆ చరణం దగ్గర ఆగిపోతాను. ఆ రెండు మాటల్లో ఏది పాడాలో నాకు తెలియదు.

మరుసటి రోజు పొద్దున్నే అక్క సంగటి మూట కట్టుకుని స్టేషనుకు బయల్దేరింది. మజ్జిగ చెంబు పట్టుకుని నేనూ వెంట నడిచాను.

"పట్టిచ్చింది నువ్వే గదక్కా, మళ్లా సంగటి ఎందుకు మోస్తాండావు?" అని అడిగాను.

"ఆకలైతాది గద పాపా. నిన్నట్నుంచి ఏమీ తినల్యా" అని, చెంబు తొణకకుండా పట్టుకోమంది.