రాఘవులు అంకుల్ ఒంటరిగా దిగిన రేవు

మా రాఘవులు అంకుల్ పుట్టింది అనంతపురంలో. నీళ్ల ట్యాంకర్ వీధిలోకి వస్తే బిందెలు పట్టుకుని ఎదురెళ్లే ఊరు. అలాంటి ఊరి మనిషికి షిప్పుల పిచ్చి ఎలా పట్టిందని ఇక్కడ కెనడాలో, మేం ఉండే మిల్టన్‌లో అందరూ అడుగుతారు. ఆయన అందరికీ ఒకటే చెబుతాడు.

"నేను దాని జోలికి పోలేదప్పా. అదే నాకు అడ్డమొచ్చింది."

అది నిజమే. కెనడా వచ్చిన కొత్తలో సెయింట్ క్యాథరిన్స్‌లో ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకి వెళ్తుంటే రోడ్డుకి అడ్డంగా గేటు పడింది. రైలు గేటనుకుని కారులో కూర్చున్నాడు. రైలు రాలేదు. ఎదురుగా ఉన్న రోడ్డే ముక్కగా పైకి లేచింది. ఆ సందులోంచి వీధంత పొడుగు షిప్పు ఒకటి, చెట్ల పక్కనుంచి, ఇళ్ల కప్పుల పక్కనుంచి, చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఊళ్ల మధ్యలోంచి షిప్పులు వెళ్లే వెలాండ్ కాలువ అనేది ఒకటుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. బ్రిడ్జి దిగింది, వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఈయన కారు పక్కకి తీసి, ఆ షిప్పు కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత గ్వెల్ఫ్‌లో కార్ల పార్టులు చేసే చోట క్వాలిటీ చెకింగులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆదివారాలు మాత్రం కాలువకి రాసిచ్చేశాడు.

నేను ఇక్కడ చదువుకుంటూ వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుంటాను. పేరు రేవంత్, ఊరు సిరిసిల్ల. నేను ఆయన్ని అడ్మిరల్ అంటాను. ఆయన నన్ను టికెట్ లేని ప్యాసింజర్ అంటాడు. ఆదివారం కారులో పక్క సీటు నాదే.

ఆ ఇంట్లో ఒక మాట మీద నిషేధం ఉంది. ఎక్కడికి అనకూడదు. బయల్దేరే మనిషిని ఆ మాట అడగకూడదని మన ఇళ్లల్లో అందరూ అంటారు, అందరూ మర్చిపోతారు. అంకుల్ భార్య వాసంతి ఆంటీ మాత్రం మర్చిపోదు. ఆవిడ చిన్నప్పుడు తెనాలిలో, అన్నయ్య గోపీకృష్ణ స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే "ఎక్కడికన్నయ్యా?" అని అడిగింది. అతను నవ్వి, ఆవిడ జడ లాగి, వెళ్లాడు. సాయంత్రానికి స్కూటర్ లారీలో వచ్చింది. అన్నయ్య వేరే బండిలో వచ్చాడు.

అప్పటినుంచి ఆవిడ "ఎందాకా?" అని మాత్రమే అడుగుతుంది. అంకుల్ జవాబు కూడా ఒకటే, "ఇక్కడిదాకే." ఆ ఇక్కడ అనేది వీధి చివర కాఫీ కొట్టు కావచ్చు, గంట ప్రయాణం అవతల కాలువ కావచ్చు. ఆవిడ మళ్లీ అడగదు.

అంకుల్ బూట్లు వేసుకునేటప్పుడు నేను కింద మెట్ల దగ్గర్నుంచి కావాలనే అరిచేవాణ్ణి.

"అడ్మిరల్, యాడికి?"

"నీ నోరు పడ! ఏవండీ, కూర్చోండి. మంచినీళ్లు తాగి అప్పుడు కదలండి," అని వంటింట్లోంచి ఆంటీ.

"నేను ఎక్కడికి అనలే ఆంటీ. యాడికి అన్న."

"ఏ జిల్లా భాషలో అడిగినా అపశకునమే. ఈ వారం నీకు పప్పు లేదు, చారు లేదు, ఫో."

అంకుల్ బూట్లతోనే సోఫాలో కూర్చుని నీళ్లు తాగేవాడు. "నీ వల్ల సాల్టీ మిస్సయిందో, నిన్ను కాలువలో తోస్తా," అనేవాడు. సాల్టీ అంటే సముద్రం దాటి వచ్చిన షిప్పు. లేకర్ అంటే ఈ పెద్ద సరస్సుల్లోనే తిరిగేది. పేరు చదవడానికి వీల్లేనంత దూరంలో ఉన్నప్పుడే, ముక్కు వాలు చూసి, పొగగొట్టం చూసి, అది ఫలానా అని చెప్పేసేవాడు. నేను వచ్చాక ఆయన తప్పు చెప్పడం చూడలేదు.

ఈ వసంతంలో, చలికాలం మూసిన కాలువ మళ్లీ తెరిచాక, మేం లాక్ త్రీ దగ్గర, అంటే నీళ్లు నింపి షిప్పుల్ని పైకెత్తే మూడో గేటు దగ్గర, నిలబడ్డాం. దూరంగా ఒక లేకర్ కనబడింది. అంకుల్ పేరు చెప్పాడు. అది దగ్గరికొచ్చింది. ముక్కు మీద వేరే పేరుంది.

"పేరు మార్చినట్టున్నారప్పా," అన్నాడు.

షిప్పులకి పేర్లు మారుతూనే ఉంటాయి, కొన్నవాడల్లా మారుస్తాడు. కానీ ఫోనులో వెతికితే ఆ షిప్పుకి పుట్టినప్పటినుంచి ఒకటే పేరు. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మిల్టన్ వైపు తిరగాల్సిన కారు ఇంకో వైపు తిరిగింది. ఏదో షార్ట్‌కట్ అనుకున్నాను. చాలాసేపటికి ఎదురుగా అమెరికా వెళ్లే బ్రిడ్జి వచ్చింది. మా దగ్గర పాస్‌పోర్టులు లేవు. అక్కడున్న ఆఫీసర్ విసుక్కుని మమ్మల్ని వెనక్కి తిప్పి పంపాడు.

"నీకు అమెరికా చూపిద్దామనుకున్నా," అన్నాడు అంకుల్.

"వీసా ఇప్పిస్తే సరిపోతుండె కదా అడ్మిరల్," అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇల్లు చేరేదాకా రోడ్డు మీది ప్రతి బోర్డూ పైకి చదువుతూ నడిపాడు.

ఆ సంగతి ఆంటీకి తెలిసింది, ఆంటీ నుంచి మార్కమ్‌లో ఉండే వాళ్లమ్మాయి నీరజక్కకి తెలిసింది. ఫ్యామిలీ డాక్టర్ మెమరీ క్లినిక్‌కి రాశాడు. అక్కడ తేడా ఉందని తేలితే డ్రైవింగ్ లైసెన్సు పోతుంది. మిల్టన్ నుంచి లాక్ త్రీకి బస్సు లేదు. అంటే కాలువ కూడా పోతుంది.

"డాడ్, ఇట్స్ జస్ట్ ఎ టెస్ట్," అంది నీరజక్క స్పీకర్ ఫోనులో.

"నేను జన్మంతా టెస్టులు చేసినోణ్ణే తల్లీ. పాస్ కాని పార్టు ఏ డబ్బాలో పడుతుందో నాకు తెలుసు."

అప్పటికే వాళ్లకి మధ్యధరా సముద్రంలో క్రూజ్ బుక్ అయి ఉంది. క్లినిక్ అపాయింట్‌మెంట్ తిరిగొచ్చిన వారానికి పడింది. క్రూజ్‌లో జరిగింది నాకు ఆంటీ చెప్పింది. అంకుల్ తన వైపు కథ ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి రోజులు బాగానే గడిచాయట. రోమ్ వెళ్లే బస్సెక్కకుండా అంకుల్ రేవులోనే కూర్చుని టగ్‌బోట్లు చూశాడు. "రోమ్‌లో ఏముంది, పాత బండలు. అనంతపురంలో లేవా?" అన్నాడు. నేపుల్స్‌లో ఆంటీ పిజ్జా తింటుంటే ఈయన ఫెర్రీలు చూశాడు. కానీ ఎక్కడ దిగినా ఆంటీ ఆయన మోచేయి వదల్లేదు. బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు బయట నిలబడింది. అది ఆయన గమనించాడు.

మర్నాడు గ్రీసులో పిరేయస్ రేవు అనగా, గది బాల్కనీలో నిలబడి అన్నాడు.

"వాసంతీ, ఒక పందెం."

"ఈ వయసులో పందేలేంటండీ?"

"రేపు నేనొక్కణ్ణే దిగుతా. ఫోను కూడా తీసుకుపోను. మన షిప్పు కదిలేలోపల నా అంతట నేను తిరిగొస్తే, ఆ క్లినిక్ క్యాన్సిల్. రాకపోతే..."

"ఆ మాట పూర్తి చెయ్యకండి."

"సరే, చెయ్యను. ఒప్పుకుంటావా?"

ఆంటీ ఒప్పుకుంది. నీరజక్కకి చెప్పలేదు. "నాకూ ఆయన గెలవాలనే అనిపించింది రేవంతూ," అంది నాతో తర్వాత.

పొద్దున ఆఫ్రికా నుంచి దుమ్ము గాలి వచ్చి, ఆకాశం పసుపు కలిపిన నీళ్లలా ఉందట. సూర్యుణ్ణి నేరుగా చూడొచ్చు. కొండల మీద ఊరు సగమే కనబడుతోంది. అంకుల్ నీలం టోపీ పెట్టుకుని, షిప్పు వాళ్లిచ్చిన కార్డు మెడలో వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎందాకా?" అంది ఆంటీ.

"ఇక్కడిదాకే."

పైనుంచి చూస్తే నీలం టోపీ ఫెర్రీల వైపు వెళ్లింది, లారీల మధ్య కనబడింది, తర్వాత కనబడలేదు. కాసేపటికి పక్క రేవులోకి ఇంకో తెల్ల షిప్పు మెల్లగా వచ్చి ఆగింది. ఆంటీ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ చూపంతా లారీల వైపే ఉంది.

మధ్యాహ్నం అయింది. బయటికెళ్లిన జనం సంచులతో తిరిగొస్తున్నారు. ఆవిడ అన్నం తినలేదు. ఎక్కాల్సిన టైమ్ దగ్గరపడుతోందని మైకులో చెప్పారు. రెండోసారి చెప్పారు. అప్పుడావిడ కిందికి దిగి, మెట్ల దగ్గరున్న సెక్యూరిటీ ఆఫీసర్‌కి అంకుల్ ఫొటో చూపించింది. అతను ఇంగ్లీషులో మర్యాదగానే అడిగాడు.

"ఎక్కడికి వెళ్లారు మేడమ్?"

"తెలీదు."

"చెప్పలేదా?"

"నేను అడగలేదు. మా ఇంట్లో అడగం."

అతను రేడియోలో ఎవరితోనో ఏదో అన్నాడు. రానివాళ్ల పాస్‌పోర్టులు ఒడ్డున అప్పజెప్పి షిప్పు వెళ్లిపోతుందని మాత్రం చెప్పాడు. ఎవరి కోసమూ ఆగదు.

మిల్టన్‌లో అప్పటికి పొద్దున. నేను క్లాసుకి బయల్దేరుతున్నాను. ఫోను మోగింది.

"రేవంతూ, మీ అంకుల్ పిరేయస్‌లో ఏం చూడాలనేవారు? ఎక్కడికి వెళ్లుంటారు?"

ఆ మాట ఆవిడ నోట మొదటిసారి విన్నాను. వేళాకోళం నా నాలుక చివరే ఉంటుంది ఎప్పుడూ. ఆ పూట ఏదీ రాలేదు.

"ఫెర్రీలు ఎక్కే గేట్లు అనేవాడు ఆంటీ. ఇంకా... పెరమా అని, పాత షిప్పులు రిపేర్‌కొచ్చే చోటు. బస్సుల పోవాలె."

"బస్సా?" అంది ఆంటీ.

షిప్పులు ఏ రేవులో ఉన్నాయో చూపించే యాప్ అంకులే నా ఫోనులో పెట్టించాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి అది తెరిచాను. వాళ్ల షిప్పు గుర్తు పక్కనే ఇంకో గుర్తుంది. అదే పొడవు, అదే వెడల్పు, అదే కంపెనీ. పేరులో మొదటి మాట కూడా అదే.

"ఆంటీ, మీ షిప్పుకి చెల్లెలున్నట్టుంది పక్కన. మీరు అటువైపు నిలబడి చూసిన్రా?"

ఆవిడ చూడలేదు. ఫోను కట్ చెయ్యకుండానే అటువైపు నడిచింది. నాకు గాలి హోరు, చెప్పుల చప్పుడు వినబడ్డాయి.

"ఉన్నారు," అంది. "అక్కడున్నారు. ఏవండీ! ఏవండోయ్!"

పక్క షిప్పు మెట్ల దగ్గర నీలం టోపీ. ఆఫీసర్ చెయ్యి అడ్డం పెట్టి ఉన్నాడు. అంకుల్ కార్డు పెట్టిన ప్రతిసారీ మిషన్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది. ఆయన కార్డు చొక్కాకి తుడిచి మళ్లీ పెడుతున్నాడు. ఆంటీ గొంతు గాలికి కొట్టుకుపోయింది. అంతలో వాళ్ల షిప్పు కూత వేసింది. ఫోనులో కూడా నా చెవి అదిరింది.

కింద సెక్యూరిటీ ఆఫీసర్ చెయ్యి చాచాడు. "మేడమ్, ఇప్పుడు దిగితే ఆగం."

"ఆగకండి," అని ఆవిడ దిగిపోయింది.

అక్కడికి చేరేసరికి అంకుల్ గొంతు పెద్దదయింది. "షిప్పుల గురించి నాకు చెప్తావా నువ్వు? నాకు?" అంటున్నాడు, ఆ తెలుగు రాని మనిషితో తెలుగులోనే. ఆంటీని చూసి మొహం వెలిగింది.

"చూడు వాసంతీ, మన షిప్పులోకి మనల్నే రానీడంట!"

"అది మనది కాదండీ," అంది ఆవిడ, ఆయాసపడుతూ. "మనది అటు."

ఆయన అటు చూశాడు. ఇటు చూశాడు. మళ్లీ అటు చూశాడు. ఆ నిమిషంలో ఆయన మొహం ఎలా ఉందో చెప్పమని అడిగాను. ఆంటీ లేచి స్టవ్ కట్టేసి వచ్చింది, స్టవ్ మీద ఏమీ లేకపోయినా.

ఇద్దరూ చివరగా ఎక్కారు. వాళ్ల వెనకే మెట్లు లాగేశారు. పొద్దుటినుంచి ఎక్కడెక్కడ తిరిగాడో ఆయన చెప్పలేదు. బూట్ల నిండా ఎర్ర తుప్పు పొడి ఉంది. జేబులో గ్రీకు అక్షరాల టికెట్ ముక్క ఉంది. ఒక మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి ఉంది.

డెక్ మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆంటీయే మొదలుపెట్టింది.

"టైమ్‌కి వచ్చారు. పందెం మీదే."

"నువ్వొచ్చి తెచ్చావు."

"ఒకే అచ్చులో పోసినట్టు పక్కపక్కన రెండు పెట్టారు. ఎవరైనా పొరబడతారండీ. పొద్దుటినుంచి ఎంతమంది పొరబడ్డారో!"

"ఎవరైనా పొరబడతారు వాసంతీ. నేను పొరబడను."

షిప్పు రేవు వదిలింది. దుమ్ములో కొండల మీది ఊరు ముందుగా మాయమైంది. చెల్లెలు షిప్పు ఇంకా అక్కడే కట్టేసి ఉంది, తెల్లగా. అంకుల్ దాన్నే చూస్తున్నాడు.

"పొద్దున దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసి గుర్తుపెట్టుకున్నా," అన్నాడు. "మనదానికి వెనకవైపు ఒక నిచ్చెనుంది, ఫలానా రంగు అని. తిరిగొచ్చేసరికి నిచ్చెన గుర్తుంది. రంగు లేదు. ఎంత వెతికినా తలకాయలో లేదు. దగ్గర్లో ఉన్నదాన్ని ఎక్కబోయా."

ఆంటీ బుజ్జగించబోయింది. కావాలంటే ఈ పూట జరిగింది ఎవరికీ తెలియనక్కర్లేదు అంది. రేవంతు వెధవ నోరు నేను మూయిస్తాను అంది. పందెం ఆయన గెలిచాడనే నీరజకి చెబుతాను అంది. ఆయన తల అడ్డంగా ఊపి, ఫోను అడిగి తీసుకున్నాడు.

"హే డాడ్! హౌజ్ గ్రీస్?"

"బాగుంది తల్లీ. ఆ క్లినిక్ ఏ రోజు?"

"థర్స్‌డే. డాడ్, ప్లీజ్, డోంట్ సే క్యాన్సిల్..."

"అనను. నువ్వే వచ్చి తీసుకుపో. నేను డ్రైవ్ చెయ్యను."

ఫోను పెట్టేసి, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. మిల్టన్ ఇంటి ముందు ఆగి ఉన్న కారు తాళాలు అవి. ప్రయాణమంతా జేబులోనే మోసుకు తిరిగాడని ఆంటీకి అప్పటిదాకా తెలియదు. వాటిని తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ పిడికిలి మూయడానికి చాలాసేపు పట్టిందట.