నల్లబట్టల అభ్యర్థి

అయ్యప్ప మాలలో ఉన్నవాడికి కోపం రాకూడదంటారు. ఆ ఏడు నాకు రోజూ వచ్చింది. కారణం, మా తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా నిలబడ్డ పెద్దమనిషి.

కరోనా సద్దుమణిగిన తరువాతి చలికాలం అది. అబుదాబి శివారు మఫ్రఖ్‌లో ఒక కంపెనీకి పికప్ నడిపేవాణ్ణి. కొండకు వెళ్లే వీలు లేకపోయినా ఏటా మాల వేసుకునేవాణ్ణి. మా లేబర్ క్యాంపులో వంట చేసే ఆయనే మాకు గురుస్వామి. ఆ పెద్దమనిషి మాత్రం పోటీకి దిగిన వారమే మాల వేశాడు. అంతకుముందు ఆయన్ని నల్లబట్టల్లో చూసినవాళ్లు లేరు. అబుదాబిలో పెద్ద ఉద్యోగం, మెరిసే కారు. దిగేటప్పుడు కాళ్లకు చెప్పులుండవు గానీ, వెనకాల ఫోటోలు తీసేవాడు ఉంటాడు. ఫోన్ తెరిస్తే విభూతి నుదురు, జోడించిన చేతులు, కింద ‘మార్పు మొదలైంది’ అన్న మాట. ఏం మారిందో నాకైతే అంతుపట్టలేదు. మా బాత్రూముల ముందు లైను అలాగే ఉంది.

ఆయన హామీల్లో అందరి మనసుకూ పట్టింది ఒకటే. ఇక్కడ చనిపోయిన తెలుగువాడి శవం ఇకమీద మార్చురీలో మగ్గదు, సంఘమే దగ్గరుండి ఇల్లు చేరుస్తుంది. ఆయన మా మెస్సులో నిలబడి ఆ మాట చెబుతున్న సమయానికి, మా గదిలో ఉండే కాకా బామ్మర్ది ఉమ్ అల్ క్వైన్‌లో మార్చురీలోనే ఉన్నాడు. ఫ్యాక్టరీ పని చేసి వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. అతని కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఊళ్లో అతని భార్య కాకాకు ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

కాకా లేచి నిలబడ్డాడు. “సారూ, మీరొక్కసారి దవఖానకు రావాలె. మీరొస్తె వాళ్లు ఇంటరు. మేం పోతె బుక్రా అంటరు, ఆ రేపు ఎన్నడు రాదు,” అన్నాడు.

ఆయన ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. “స్వామీ, నేను మాలలో ఉన్నాను కదా. శవం ఉన్న చోటికి రాకూడదు. గెలిచి, దీక్ష ముగియగానే మొదటి పని ఇదే. అయ్యప్ప మీద ఒట్టు.”

మెస్సులో తలలు ఊగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన దీక్ష ముగిసేదాకా ఆ మనిషి ఐసులో పడి ఉండాలా? మనిషి రాలేకపోతే ఫోన్ చెయ్యకూడదా, దానికీ అంటు ఉందా? అడిగేద్దామని నోరు తెరిచాను. అంతలో కాకా నా వైపు తిరిగాడు.

“స్వామీ, నీకు అరబ్బీ వస్తది. బండున్నది,” అన్నాడు మెల్లగా.

నేనూ మాలలో ఉన్నాను కదా కాకా, అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

ఆ తరువాత నాకు కుదురు లేదు. కడిగిన బండినే మళ్లీ కడిగాను. భజనలో కూర్చుంటే తాళం తప్పింది. ఆయనది నాటకం అని గదిలో నోరు పారేసుకుంటూ, అదే నియమం చాటున నేనూ కూర్చున్నాను. చివరికి గురుస్వామి దగ్గరికి వెళ్లి మాల తియ్యమన్నాను.

“నీ ఇంట్ల సావు గాదు గదా స్వామీ, ఎందుకు తీస్తవ్?”

“నా గదిల మనిషికి బామ్మర్ది,” అన్నాను.

గురుస్వామి నన్ను పటం ముందు నిలబెట్టి, ముఖం ముడుచుకునే తీశాడు. నాకు ఏడుపొచ్చింది.

మా ముదీర్‌ను, అదే మేనేజర్‌ను, బతిమాలి సెలవు తీసుకుని కాకాను బండెక్కించుకున్నాను. మార్చురీలో కాకా ఒకసారి చూసి నా భుజం మీద పడిపోయాడు. ఆసుపత్రి నుంచి పోలీస్ స్టేషన్‌కు, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి తిరిగాం. గేటు దగ్గర దొరికిన వాళ్ల ఆఫీసు మనిషి మీద, మాల లేదు కాబట్టి, తనివితీరా అరిచాను. కొన్నాళ్లకు పెట్టె హైదరాబాద్ విమానం ఎక్కింది.

ఆ పెద్దమనిషి నిజంగానే స్వామికి భయపడ్డాడేమో అన్న అనుమానం నన్ను ఇప్పటికీ వదలదు. ఒకరి భక్తిని కొలవడానికి నేనెవణ్ణి? కానీ ఆయన చెయ్యని ఆ ఫోన్ సంగతి గుర్తొస్తే మళ్లీ మండుతుంది.

ఎన్నిక జరిగింది. ఆయన గెలిచాడు. మా క్యాంపు దాదాపు అంతా ఆయనకే వేసింది. కాకా కూడా వేశాడని తెలిసి, కడుపులో దాచుకోలేక అన్నం దగ్గరే అడిగేశాను.

కాకా కంచం పక్కకు జరిపాడు.

“నువ్వు జేసింది సచ్చేదాంక మర్వ తమ్మీ. గని అందరి మీద పెద్దగ కూసునెటోనికి నియమం ఉండాలె. నేను గంతగనం అడిగినా ఆయన మాల తియ్యలే. నువ్వు తీసినవ్.”