గార రాలితే పన్ను రాలుతుందని

మా నల్గొండ వైపు పళ్ళు ఏ రంగుకు తిరిగినా నేరం ఫ్లోరైడ్ నీళ్ళదే. నా కింది పళ్ళ వెనక గార రాయిలా పేరుకున్నా, చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చినా, అదీ నీళ్ళ పాపమే అనుకున్నాను. తెలంగాణ వచ్చాక ఇంటికి మంచి నల్లా నీళ్ళు వచ్చాయి. నెత్తురు మాత్రం ఆగలేదు.

మా ఆవిడ పళ్ళ దవాఖానకు బయలుదేరదీసింది.

"కడిగిస్తే పండ్లు వదులైతయట. గా గారే నా పండ్లను పట్టుకొని ఉన్నది" అన్నాను.

"నడువు జర. బోసినోటితోని నా మీద ఒర్రితే ఎవలకు సమజైతది?" అంది.

కుర్చీలో పడుకోబెట్టారు. మిషను కీచుమంటుండగా గట్టి ముక్క ఒకటి నాలుక మీద పడింది. పన్నే ఊడిందనుకొని డాక్టరమ్మ చేయి పట్టేసుకున్నాను.

"గార తాతా, పన్ను గాదు. ఫ్లోరైడ్ మరక పన్ను లోపల్నే ఉంటది, గీకినా పోదు. ఇది పైన పేరుకున్నది, చిగురును కిందికి నూకుతాంది. ఇంకిన్ని రోజులు ఆగితే ముంగటి పండ్లు పోయేటియి" అంది.

పేపర్ల మీద ఒళ్ళు మండింది. బడికి పోకుండా పేపర్లు కూడబలుక్కొని చదువు నేర్చినవాణ్ణి. ఫ్లోరైడ్ గురించి వచ్చిన ప్రతి వార్తా చదివాను. గార సంగతి ఒక్కరైనా రాశారా?

కొన్నాళ్ళకు నెత్తురు ఆగింది. ముందు పళ్ళు నిలిచాయి. ఆరు నెలలకోసారి కడిగించుకుంటున్నాను. ఆ కీచు వినగానే ఇప్పటికీ పన్ను ఊడుతుందనే అనిపిస్తుంది. కళ్ళు మూసుకొని నోరు తెరుస్తాను.