అక్క పాటలో రెండో గొంతు

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మే మనిషిని కాదు. విడవలూరు దగ్గర రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేయడం నా ఉద్యోగం. సీసాలో రంగు మారితే ఉందంటాను, మారకపోతే లేదంటాను. మిగతా విషయాల్లోనూ అంతే.

పొద్దుటి నుంచీ చెరువుల మీద మోటార్ల మోత విని విని, ఇల్లు చేరేసరికి చెవులూ ఒళ్ళూ అలిసిపోయి ఉంటాయి. వెనక గదిలో అరగంట పాటలు వింటేగాని మనిషిని కాలేను. పది అడుగులకు ఎనిమిది అడుగుల గది. మొదట కొన్న చిన్న స్పీకర్లతోనే నాలుగేళ్ళు గడిపాను.

వాటిని మార్చాలనిపించింది అక్క వల్ల. అక్క మా చర్చిలో పాడేది. పోయినేడు థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయింది. ఇప్పుడు ఏం మాట్లాడినా గుసగుసే. ఆపరేషన్‌కు ముందు రోజు వాళ్ళింట్లో నా ఫోన్‌లో ఒక పాట రికార్డు చేశాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అక్క పాట ఇక అదొక్కటే మిగిలింది. దాన్ని సరిగ్గా వినాలని నెల్లూరు నుంచి పెద్ద స్పీకర్లు తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం బావ వచ్చి సాయం పట్టాడు. గోడకు దగ్గరగా పెడితే గది గుమ్మని మోగింది. జరిపి జరిపి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. ఒక మాదిరిగా కుదిరాక అక్క పాట పెట్టాను.

రెండో చరణంలో బావ తలెత్తాడు. "ఇద్దరు పాడతా ఉండారే. ఆ రెండో ఆమె ఎవురు?"

"ఎవురూ లేరు బావా. అక్కొక్కతే."

"నాకేం చెవుడు రాలేదు. మళ్ళీ పెట్టు."

పెట్టాను. అక్క గొంతు కింద, కొంచెం వెనకగా, ఇంకో ఆడగొంతు. మెల్లగా, కాస్త బొంగురుగా.

పాత స్పీకర్లకు కలిపి చూశాను. లేదు. ఇయర్‌ఫోన్స్‌లో లేదు. కొత్తవాటిని ఎదుటి గోడ వైపు మార్చాను. ఉంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, చిన్న గదిలో శబ్దం గోడకు కొట్టుకుని అలా వినిపిస్తుంది సార్ అన్నాడు. సరే అనుకున్నాను. కాదని వాదించే ఓపిక కూడా లేదప్పటికి.

మరుసటి ఆదివారం అక్కను పిలిచి కూర్చోబెట్టాను. ముందుగా ఏమీ చెప్పలేదు, బావనూ చెప్పొద్దన్నాను. రెండో చరణం రాగానే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మేరా," అంది. "'నీ నీడన' అనకుండా 'నీ గూడున' అంటా ఉండాది, విను. ఎన్నిసార్లు దిద్దినా అట్టనే పాడేది."

విన్నాను. అక్క నీడన అంటోంది. కింది గొంతు గూడున అంటోంది. ఒకే శబ్దం గోడకు తగిలి తిరిగొస్తే మాట ఎలా మారుతుంది? అమ్మ పోయి ఇరవై ఏళ్ళు. అక్కకు అప్పటికి పెళ్ళి కాలేదు, నాకు తొమ్మిదేళ్ళు. ఆ గొంతు నాకు గుర్తు లేదు. బావ అమ్మ గొంతు ఎప్పుడూ విననే లేదు.

"ఆపేదా అక్కా?"

"ఆపబాక. నేనెట్టాగూ పాడలేను గదా. ఆమెనన్నా పాడుకోనీ."

ఇది జరిగి ఏడు నెలలు. అక్క అప్పుడప్పుడూ వచ్చి, ఆ ఒక్క పాట విని వెళ్తుంది. స్పీకర్ల సంగతి తెలిసినవాళ్ళను ఇంకో ఇద్దరిని అడిగాను. చెరో కారణం చెప్పారు. ఏదీ ఆ ఒక్క మాటకు సరిపోలేదు. నాకూ అడిగే ఓపిక అయిపోయింది. ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.