దేనికీ ఆగని సాంసన్ సార్

కోదాడలో ఇంజనీరింగ్ పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే సాంసన్ సార్‌కు దేనికోసమైనా ఎదురుచూడటమంటే ఒళ్లుమంట.

టిఫిన్ సెంటర్లో దోసె చెప్పి, ఫోన్ నంబరిచ్చి, కటింగ్ షాపుకు వెళ్లేవారు. సగం గడ్డం గీశాక దోసె అయిందని ఫోనొచ్చేది. నురగ మొహంతోనే వచ్చి తినేవారు. ఒకరోజు దోసె ముగిసేసరికి కాలేజీ బెల్లు కొట్టారు. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప ముళ్లకంపలా క్లాసులోకి వచ్చారు.

"నవ్వితే నవ్వుండ్రి, పాఠం ఇదే. ప్రోగ్రాం డిస్కును డేటా అడుగుతది. డిస్కు తాపీగ తెస్తది. అందాక ప్రోగ్రాం గుంజకు కట్టేసిన బర్రె లెక్క నిలబడాల్నా? అడిగి వదిలెయ్. నీ పని చేసుకో. అయినంక కంప్యూటర్‌ను లోపలికెల్లి నడిపే కెర్నలే కబురు పెడతది. అసింక్రనస్ కాల్ అంటే గదే."

"కబురు రాకుంటే సార్?" అన్నాడు సంతోష్.

"వస్తది. నువ్వు పాసైన కబురే రాదు."

ఆ పేపరు సార్ దగ్గరే చదివే శ్రీజకు రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. సరిగ్గా పరీక్ష రోజే సూర్యాపేట దవాఖానలో వాళ్లమ్మ బుచ్చమ్మకు కంటి ఆపరేషన్. తప్పితే మళ్లీ రెండు నెలలకు. వెంట ఉండేందుకు ఇంకెవరూ లేరు.

"పరీక్ష ఇడువను సార్. అమ్మనూ ఇడువను," అంది శ్రీజ.

"ఇడువకు. పొద్దున అమ్మను గాడ కూసోబెట్టి, నర్సుకు నంబరిచ్చి బస్సెక్కు."

"పరీక్షల ఫోన్ ఉండదు గద సార్."

"నా నంబర్ రాసియ్యి."

ఈయన్ను నమ్మితే ఫోనొచ్చేసరికి ఏ కుర్చీలో నురగ పూసుకుని ఉంటారో. అయినా పరీక్ష రోజు పొద్దున శ్రీజ అమ్మను దవాఖానలో కూర్చోబెట్టి, నర్సుకు సార్ నంబరిచ్చి కోదాడ బస్సెక్కింది, పరీక్ష రాసింది, బయటికి రాగానే మళ్లీ సూర్యాపేట బస్సు కోసం పరుగెత్తింది.

వార్డులో బుచ్చమ్మ కంటికి కట్టుతో ఇడ్లీ తింటోంది. పక్కన స్టూలు మీద సాంసన్ సార్.

"నువ్వు బస్సెక్కంగనే మీ సార్ వచ్చిండు బిడ్డా. ఫోన్ చేస్తం, పోయి చాయ్ తాగి రమ్మని నర్సు మూడుసార్లు చెప్పింది. కదిలితేగా."

"మీరు ఎదురుచూసిండ్రా సార్?"

సార్ దొరికిపోయినట్టు తల గోక్కున్నారు. "ప్రోగ్రాం ముందుకు పోవాల్నంటే ఎనక ఒకరు కాపలా ఉండాలె గదమ్మా. ఆ ముక్క పేపర్ల రాసినవా?"

"రాయలే సార్."

"ఒక మార్కు పాయె."

ఇంతలో ఇంకో నర్సు చుక్కల మందు చీటీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "బుచ్చమ్మ తమ్ముడెవరు?"

బుచ్చమ్మకు తమ్ముళ్లు లేరు.

"నేనేనమ్మా," అంటూ సాంసన్ సార్ లేచారు.