ముప్పై డిగ్రీల దగ్గర ఆగిన పేజీ

మల్లాపూర్ రంగుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నిటికీ దిక్కు నీరజే. ఉప్పల్ నుంచి స్కూటీ మీద వస్తుంది. "ఇంకా ఆ పాతకాలపు పెర్ల్ భాషలో ప్రోగ్రాములేంటి మేడమ్?" అని కొత్తగా చేరిన ఇంజనీర్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ! రంగు ఉడికే ట్యాంకు పక్కన గోడకున్న టీవీలో కనబడే పేజీ ఆవిడ రాసిందే. ఆవిడ స్క్రిప్టు నిమిషనిమిషానికీ ట్యాంకు వేడిని చదివి, ఆ అంకెతో పేజీని అప్పటికప్పుడు కొత్తగా తయారుచేస్తుంది. వేడి ఎంతో అందకపోతే పాత అంకె చూపించదు, "తెలియదు, మూత తీయవద్దు" అని ఎర్రగా రాస్తుంది. ట్యాంకు దగ్గర పనిచేసే దుర్గేష్ ఆ పేజీ చూశాకే మూత తీస్తాడు.

ఆయుధపూజనాడు ఆ పేజీని నడిపే సర్వర్‌కు కూడా పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆపేశారు. యంత్రాలకు ఆ రోజు సెలవివ్వడం అక్కడి ఆనవాయితీ. ఓనరు చుట్టాలొస్తుంటే టీవీ ఖాళీగా ఉంటే ఏం శోభ అనుకున్నాడు మేనేజర్ గోపాలరావు. నీరజకు ఒక్క మాటైనా చెప్పకుండా, సర్వర్ ఆపకముందే పేజీని అంకె మారని ఫైలుగా సేవ్ చేయించి, దాన్నే టీవీలో పెట్టించాడు. అంత తెలివి!

పండగ అయిపోయింది. సర్వర్ నడిచింది, ట్యాంకు మరిగింది. టీవీలో మాత్రం పూజనాటి ముప్పై డిగ్రీలే. మార్పించాలన్న బుద్ధి ఆ మహానుభావుడికి ఉంటే కదా! చల్లారిందనుకుని దుర్గేష్ మూత తీశాడు. ఆవిరి అతని చేతిని మోచేతిదాకా కాల్చేసింది.

కేక విని పరుగెత్తుకొచ్చిన నీరజ టీవీ చూసింది. పేజీ అడుగున తేదీ పూజరోజుదే. ఒళ్లు మండిపోయింది.

"వాడి అజాగ్రత్తేనని రిపోర్టు రాయండి. పేజీ సంగతి మనలోనే ఉండనీండి," అన్నాడు గోపాలరావు. చేయి కాలింది చాలక, అలా రాస్తే దుర్గేష్ కొలువూ పోతుంది.

నీరజ నాచారం దవాఖానాకు వెళ్లేసరికి దుర్గేష్ చేతికి కట్టుతో పడుకుని ఉన్నాడు.

"జర ఆగుదామనుకున్న అక్కా. గని నీ పేజీ ఎన్నడు అబద్ధం జెప్పలే గద. అందుకే తీసిన."

నీరజ ఫ్యాక్టరీకి తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. షిఫ్టు మారే వేళకు టీవీలో పెద్ద అక్షరాలు వచ్చాయి: "దుర్గేష్ తప్పేం లేదు. ఇక్కడ పెట్టింది పాత పేజీ. పెట్టించింది గోపాలరావు."

"తీసెయ్, లేకపోతే రేపట్నుంచి రాకు!" అని అరిచాడు గోపాలరావు.

"తీయను."

షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు టీవీ ముందు నిలబడి చదువుతున్నారు. చదవడం రానివాళ్లకు వాళ్లతో పనిచేసే రాములమ్మ గట్టిగా చదివి వినిపిస్తోంది.