మా ఇంటి దాకా రాని గీత

మా తోడికోడలి డాబా మీద ఇప్పపువ్వు ఎండుతుంటే నాకు కడుపు మండుతుంది. దాచుకోవడమెందుకు, ఉన్న మాటే చెబుతున్నాను. నా పువ్వు నేల మీద పరిస్తే సగం మేకల పాలు, మిగతా సగం చెమ్మకు నల్లబడుతుంది. ఆమె మాత్రం రోడ్డు పక్క మిట్ట మీద, నీలం తలుపుల పక్కా ఇంటి పైకెక్కి, కొంగు దోపుకుని పువ్వు తిరగేస్తూ నన్ను పిలుస్తుంది.

"ఏటే సెల్లీ, తిన్నావా?"

తిన్నానో లేదో ఆమెకెందుకట!

ఆమె మా బావగారి భార్య, నాకు అక్క వరస. పుట్టి పెరిగింది కిరండోల్ లైనులో, రైల్వే క్వార్టర్లలో. బావగారు గనుల దగ్గర పనికి పోయి, ఆమెను పెళ్ళి చేసుకుని మా ఊరికి తీసుకొచ్చారు. మాది కిష్టారం సంతకు నడిచిపోయేంత దూరంలో, వాగు ఒడ్డున. మొదట్లో ఒకే పెరట్లో ఆమె ఇల్లూ నా ఇల్లూ, మధ్యలో చిక్కుడు పందిరి. వాగు పొంగితే ఇద్దరి గడపలూ ఒక్కసారే తడిసేవి. అప్పట్లో ఆమె మీద నాకే కుళ్ళూ లేదు.

రోడ్డు మంజూరైన ఏడాది సర్వేవాళ్ళు దిగారు. వాగు నీళ్ళు ఎంతవరకు ఎక్కుతాయో కాగితం మీద గీత గీసుకోవాలట. ఆ గీత ఎందుకో మాకెవరూ చెప్పలేదు. వచ్చిందేమో నిండు వానల్లో. "పానీ కహాఁ తక్ ఆతా హై?" అని, నీళ్ళెందాక వస్తాయని హిందీలో అడుగుతూ ఇంటింటికీ తిరిగారు.

మా ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. వానలు పడినన్నాళ్ళూ వాగు ఎంత ఎత్తు వచ్చిందో నోటితో అనకూడదు. ఇల్లు మునిగినా సరే, "గట్టు దాకా వచ్చి పోయింది" అనే అనాలి. కోతలయ్యాక ఎంతైనా చెప్పుకోవచ్చు. మా అత్తకైతే ఇది ప్రాణం. "ఎందాక వచ్చిందో చెప్పినమనుకో, అది వింటది. మళ్ళొచ్చినప్పుడు ఇంకింత చూపిస్తది" అనేది. నీళ్ళు తీయగానే గోడ మీద మరక కనపడకుండా మట్టితో అలికించేది కూడా.

అందుకే సర్వే సారు అడిగినప్పుడు నేను బుద్ధిగా "గట్టు దాకా సార్, అంతే" అన్నాను. మా పక్క ఇళ్ళవాళ్ళంతా అదే మాట అన్నారు. అక్క ఊరుకుంటేనా! "గట్టేటి బాబూ, నిరుడు గడప దాటేసి మంచం కిందకొచ్చేసింది. ఇటు రండి, మరక సూడండి" అని సారును చేయి పట్టుకున్నంత పని చేసి లోపలికి తీసుకుపోయింది. అత్త గబగబా లెంపలేసుకుంది. ఆ గీత అక్క ఇంటిని చుట్టేసి, చిక్కుడు పందిరి దగ్గర ఆగిపోయింది.

గీత లోపలివాళ్ళకు మిట్ట మీద స్థలం, పక్కా ఇల్లు అని తర్వాత తెలిసింది. బయటివాళ్ళు ఉన్నచోటే ఉండాలి. పట్టింపులు పాటించిన నాకేమో మట్టిగోడలు, పాటించని ఆమెకేమో డాబా. ఏంది ఈ న్యాయం?

అంతటితో అయిపోయినా ఓర్చుకునేదాన్ని. గొల్లపల్లి వైపు పోయే ఆ రోడ్డును మనిషెత్తు మట్టి పోసి లేపారు. ఇదివరకు అక్కడ పాత రపటా, అంటే నేలబారు వంతెన ఉండేది, పొంగు దాని మీదుగా దొర్లి అవతలికి పోయేది. ఇప్పుడు నీళ్ళు పోవడానికి కట్ట కింద ఇరుకు తూములు పెట్టారు. కొమ్మలూ ఆకులూ అడ్డం పడితే అవి ఇట్టే పూడుకుపోతాయి. ఆపైన రోడ్డు మీది వాన నీళ్ళకని కట్టిన నాలీని తెచ్చి మా పెరటి వైపే వదిలారు. ముందు నుంచి వాగు, వెనక నుంచి నాలీ. పోయిన వానల్లో నీళ్ళు మొలలోతు వచ్చాయి.

కోళ్ళనూ బియ్యాన్నీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోయాం? ఇంకెక్కడికి, అక్క ఇంటికే. పొడి చీర ఇచ్చింది, ఎండు చేపలు, వంకాయ వేసి పులుసు పెట్టింది. ఎంత రుచిగా ఉందో ఆ పులుసు! తింటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది.

రోడ్డు లేచాక పాత గీత పనికిరాదని ఈ ఏడు మళ్ళీ సర్వే పెట్టారు. మళ్ళీ వానల్లోనే వచ్చారు, ఖర్మ! ఈసారి గీత మా ఇల్లు దాటకపోతే ఇక జన్మంతా ఆ నీళ్ళలోనే. సారు మా గోడ చూశాడు. అత్త అలికించిన గోడ అద్దంలా ఉంది. "పానీ కహాఁ తక్?" అన్నాడు.

అత్త నా చేయి గిల్లి, "నోరు ముయ్యే, వాగు వింటది" అంది. మా ఆయన నేల చూస్తున్నాడు. సారు పక్కింటి వైపు తిరిగాడు.

అప్పుడు చూశాను, మిట్ట మీద నుంచి అక్క చీర ఎత్తి పట్టుకుని పరుగున దిగి వస్తోంది. "బాబూ, ఆగండి! మా సెల్లి సెప్పలేదు గానీ, ఆ ఇంట్లో నీళ్ళూ..."

ఆమె చెబితే నాకు ఇల్లు వస్తుంది. కానీ ఆ ఇంటి డాబా మీద నేను పువ్వు ఆరబోసిన ప్రతిసారీ "నాను సెప్పబట్టే కదే సెల్లీ" అనకుండా ఉంటుందా? బతికున్నంత కాలం అది వినాలా?

"నువ్వాగక్కా!" అని అరిచాను. "నా ఇంట్లకొచ్చిన నీళ్ళు నేనే చెప్త!"

సారు ముందుకు పోయి మొల మీద చేయి పెట్టుకున్నాను. "కమర్ తక్, సార్! కమర్ తక్ ఆయా!" గొంతు ఎంత లేచిందంటే తూముల దగ్గర వల వేస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. సారు వంగి, అలికిన గోడ మీద ఎర్ర రంగు గీత గీశాడు. అత్త వాగు వైపు తిరిగి దండాలు పెడుతోంది.

వాగు విన్నదో లేదో నాకు తెలియదు. అక్క మాత్రం విన్నది.